బాలానగర్ లేత్ షాపులో చేయించిన చక్ బ్యాక్‌ప్లేట్

నా చెక్కపని లేత్ స్పిండిల్ (తిరిగే ఇరుసు) థ్రెడ్ ఎం33, అంటే 33 మి.మీ. వ్యాసం, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 3.5 మి.మీ. చెక్కని పట్టి ఉంచే చక్‌ని స్పిండిల్‌కి బిగించే బ్యాక్‌ప్లేట్ రెడీమేడ్‌గా కొన్నాను, అది వదులుగా ఉండి చక్ ఊగుతుంటే, స్పిండిల్ విప్పుకుని హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న లేత్ షాపుకి వెళ్లాను. పనితనం చూసి ముచ్చటేసింది.

బీడు (పోత ఇనుము) ముక్కకి ముందు 29.2 మి.మీ. బోర్ వేశారు. వాళ్ల లేత్‌లో టూల్‌ని నడిపే లీడ్ స్క్రూ అంగుళాలది, కోయాల్సింది మెట్రిక్ థ్రెడ్, అందుకని మొదటి కట్ నుంచి చివరిదాకా హాఫ్ నట్ (టూల్‌ని లీడ్ స్క్రూకి కలిపే పట్టు) విప్పకుండా, ప్రతిసారీ టూల్ వెనక్కి లాగి మోటార్ రివర్స్‌లో తిప్పి తెచ్చారు. తొందరపడి విప్పితే పాత గాడి దొరకదు, ముక్క పాడవుతుంది. రంధ్రం లోపల కోసే బోరింగ్ బార్ కొంచెం వంగుతుంది కదా, అందుకే చివర్లో లోతు పెంచకుండా అదే కట్ మళ్లీ మళ్లీ తిప్పారు. ముక్కని లేత్ మీద నుంచి తీయకుండానే నా స్పిండిల్ పెట్టి చూశారు, చేత్తోనే మెత్తగా ఎక్కింది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, మూతి దగ్గర మొదటి మరని తీసేసి స్పిండిల్ భుజానికి ప్లేట్ పూర్తిగా ఆనేలా చేశారు. థ్రెడ్ బిగిస్తుంది అంతే, చక్ నిటారుగా నిలబడేది ఆ ఆనిక వల్లే. ఇది చాలామంది పట్టించుకోరు.

అంచులు మాత్రం పదునుగా వదిలేశారు, ఇంటికొచ్చి ఆకురాయితో నేనే రుద్దుకున్నాను. చెప్పిన టైముకి ఇవ్వలేదు కూడా. అయినా ఇలాంటి పని ఉంటే కళ్లు మూసుకుని అక్కడికే వెళ్తాను, మీరు వెళ్తే స్పిండిల్ తప్పకుండా పట్టుకెళ్లండి.