కేర్ టేకర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఇది చదవండి: నల్లగొండ, పాలమూరు వాళ్ళకు జాగ్రత్త హెచ్చరిక

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ బస్టాండ్ల గోడల మీద, అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు కూడా ఒకే రకం కాగితం కనిపిస్తోంది. "హోమ్ నర్సింగ్, పేషెంట్ కేర్ ట్రైనింగ్. టెన్త్ పాస్ అయినా ఫెయిల్ అయినా చాలు. గవర్నమెంట్ గుర్తింపు సర్టిఫికెట్. వంద శాతం జాబ్ గ్యారంటీ." కింద ఒక ఫోన్ నంబర్. ఆ నంబర్‌కు ఫోన్ చేసి డబ్బు కట్టడానికి సిద్ధమవుతున్న వాళ్ళు దయచేసి ఒక్క రోజు ఆగండి. నేను కట్టాను. ఏం జరిగిందో, మీరు ఏమేం అడిగి తెలుసుకోవాలో అంతా రాస్తున్నా.

ముందే ఒక మాట. ఈ పని చెడ్డది కాదు. నేను ఇప్పటికీ ఇదే పని చేస్తున్నా, ఇష్టంగానే చేస్తున్నా. పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులు ఒంటరిగా మిగిలిన ఇళ్ళు హైదరాబాద్‌లో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవాళ్ళు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళందరికీ మనిషి కావాలి. పని ఉంది కాబట్టే దాని పేరు చెప్పి మనలాంటి వాళ్ళ దగ్గర డబ్బు గుంజే దుకాణాలు కూడా పెరిగాయి.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక చోట బోర్డు తీసేసి ఇంకో చోట ఇంకో పేరుతో పెట్టుకునే రకం ఇది, పేరు తెలిసినా లాభం లేదు. పద్ధతి తెలిస్తే ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు.

అడ్మిషన్‌కు 5,000, ఆ తర్వాత 13,000, యూనిఫామ్‌కు 1,500, చివర్లో పరీక్ష ఫీజు అని 2,000. మా సంఘంలో అప్పు తీసుకుని కట్టాను. డబ్బు తీసుకునేటప్పుడు మేడమ్ చాలా బాగా మాట్లాడింది, "అక్కా, నీ జీతం నువ్వే తెచ్చుకుంటావు, ఎవరి ముందూ చెయ్యి చాచే పని ఉండదు" అంది. రసీదు ఇచ్చారు. దాని మీద ట్రైనింగ్ సెంటర్ పేరు లేదు, ఏదో ట్రస్టు పేరు ఉంది. "ఫీజు" అన్న మాట కూడా లేదు, "విరాళం" అని రాసి ఉంది. అదేంటని అడిగితే "ట్యాక్స్ కోసం అక్కా, అందరికీ అట్లనే ఇస్తాం" అన్నారు. అసలు కీలకం అదే. రేపు మనం డబ్బు వెనక్కి అడిగితే, మీరు కోర్సుకు కట్టలేదు, దానం ఇచ్చారు అనడానికి ఆ కాగితం వాళ్ళకు పనికొస్తుంది. ఎవరైనా ఫీజు తీసుకుని విరాళం రసీదు ఇస్తుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

క్లాసుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జిరాక్స్ నోట్సు చదివి వినిపించేవాళ్ళు. ఒక బొమ్మ, బ్యాటరీ అయిపోయిన బీపీ మిషన్ ఉండేవి. పెద్దాసుపత్రిలో ప్రాక్టికల్స్ అని పాంప్లెట్‌లో వేశారు, కోర్సు అయిపోయేదాకా "వచ్చే వారం" అంటూనే ఉన్నారు. మాతో ఉన్న అమ్మాయిలలో ఎవరూ ఒక్క పేషెంట్‌ను కూడా ముట్టుకోకుండానే సర్టిఫికెట్ తీసుకున్నారు.

ఇక సర్టిఫికెట్. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, పైన మూడు సింహాల గుర్తు, కింద ఐఎస్ఓ నంబరు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు. చూస్తే ఎవరైనా ప్రభుత్వానిదే అనుకుంటారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటే చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. టైలరింగ్ షాపుకూ వస్తుంది, పిండిమిల్లుకూ వస్తుంది. ఐఎస్ఓ అనేది ఆ ఆఫీసు నడిపే పద్ధతికి సంబంధించిన కాగితం. ఈ రెండింట్లో ఏదీ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు కాదు. మూడు సింహాల గుర్తును ప్రైవేటు వాళ్ళు ఇష్టమొచ్చినట్టు వాడుకోవడం 2005లో వచ్చిన చట్టం ప్రకారం నేరం కూడా. ఈ విషయం నాకు తర్వాత ఒక లాయర్ గారు చెప్పారు.

జాబ్ గ్యారంటీ అన్నారు కదా, హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి పంపించారు. అక్కడ వెరిఫికేషన్ అని చెప్పి నా పదో తరగతి ఒరిజినల్ మెమో, ఆధార్ కార్డు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. సాయంత్రానికల్లా ఒక ఇంట్లో డ్యూటీకి దింపారు. డెబ్బై దాటిన పెద్దమ్మ, పక్షవాతం. ముక్కు ద్వారా వేసిన పైపుతో ఆహారం, యూరిన్ బ్యాగు. ఆ ఇంటివాళ్ళకు నన్ను మూడేళ్ళ అనుభవం ఉన్న నర్సు అని చెప్పారట. నేను ఆ పైపును చూడటమే అదే మొదటిసారి. వెంటనే ఆమె కూతురికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె ఏజెన్సీ వాళ్ళ మీద కోప్పడింది గానీ నన్ను ఒక్క మాట అనలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చేసి చూపించింది.

ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, పోయింది నా 21,500 రూపాయలు మాత్రమే అయితే ఇంత బాధ ఉండేది కాదు. పైపులో పాలు పోసే ముందు పైపు జారిందా లేదా అని దాని మీద గుర్తు చూసుకోవాలి. తల వైపు ఎత్తుగా పెట్టాలి, మెల్లగా పోయాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. లేకపోతే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, ఆ వయసులో అది ప్రాణం మీదకు తెస్తుంది. మంచాన ఉన్నవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి ఒకసారి పడితే మానడం చాలా కష్టం. యూరిన్ బ్యాగును మంచం మీద పెట్టకూడదు, ఎప్పుడూ పొట్ట కంటే కిందే వేలాడాలి, లేదంటే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ అవుతుంది. బరువైన మనిషిని లేపేటప్పుడు నడుము వంచి లేపితే మన వెన్ను పోతుంది, మోకాళ్ళు వంచి లేపాలి. ఇవన్నీ నేర్పకుండా కాగితం ఇచ్చి పంపించడం అంటే ఒక ముసలి ప్రాణంతో ఆడుకోవడమే. ఏదైనా జరిగితే నింద మోసేది ఏజెన్సీ కాదు, మంచం పక్కన ఉన్న మనమే.

జీతం సంగతి. నాకు చెప్పింది నెలకు 20,000, పన్నెండు గంటల డ్యూటీ. జరిగింది ఇరవై నాలుగు గంటలు, రాత్రి కూడా రెండు గంటలకోసారి లేవాలి కదా. చేతికి వచ్చింది 13,000. మిగతాది కమిషన్, యూనిఫామ్, హాస్టల్ అన్నారు, నేను హాస్టల్‌లో ఒక్క పూట కూడా లేను. ఆ ఇంటివాళ్ళు ఏజెన్సీకి కట్టేది 27,000 అని మాటల్లో తెలిసింది. ఈ లెక్క ఏదీ రాతలో లేదు. మానేస్తానంటే, ఆరు నెలలు చేయకుండా పోతే 10,000 కట్టాలి, అప్పుడే మెమో ఇస్తాం అన్నారు.

మా అన్నను తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, మెమో, ఆధార్ దగ్గర పెట్టుకుని బెదిరిస్తున్నారని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. కానిస్టేబుల్ ఏజెన్సీకి ఫోన్ చేశాక రెండూ వెనక్కి వచ్చాయి. కోర్సు డబ్బు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఆ జిరాక్స్ మీద ఏ పని కోసమో, ఏ తేదీనో రాసి సంతకం పెట్టండి.

ఆ తర్వాత మా మండల ఐకేపీ ఆఫీసులో (మన పొదుపు సంఘాలను చూసే ఆఫీసు) ఒక మేడమ్ చెబితే తెలిసింది, ఇదే ట్రైనింగ్ రూపాయి కట్టకుండా దొరుకుతుందని. గ్రామాల యువత కోసం కేంద్రం 2014లో మొదలుపెట్టిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది, మన రాష్ట్రంలో దాన్ని ఈజీఎంఎం అనే ప్రభుత్వ ఉపాధి శిక్షణ సంస్థ చూస్తుంది. 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకు, ఆడవాళ్ళకైతే 45 దాకా. 2015 నుంచి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కూడా ఉంది. అన్ని ఊళ్ళలో అన్ని వేళలా ఈ కోర్సు బ్యాచ్ ఉండదు, అది నిజం. కొన్నాళ్ళు ఆగాల్సి రావచ్చు. కానీ అప్పు చేసి ఫీజు కట్టే ముందు ఐకేపీలో గానీ, కలెక్టరేట్‌లో డీఆర్‌డీఓ (జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి) ఆఫీసులో గానీ ఒకసారి అడగడానికి ఏం పోతుంది?

నేను అలాంటి ఫ్రీ బ్యాచ్‌లోనే చేరి మళ్ళీ నేర్చుకున్నా. తేడా మొదటి వారంలోనే తెలిసిపోయింది. నిజమైన మంచం మీద ఒకరిని పడుకోబెట్టి దుప్పటి మార్చడం, చేతులు కడుక్కునే పద్ధతి, ఒళ్ళు తుడవడం, చక్రాల కుర్చీలోకి మార్చడం, అన్నీ చేతులతో చేయించారు. ఆస్పత్రిలో వార్డులో పని నేర్పారు. పరీక్ష పెట్టడానికి ఆ సెంటర్ వాళ్ళు కాదు, బయటి నుంచి అసెసర్ వచ్చారు. నేర్పేవాళ్ళే మార్కులు వేసుకోవడం అక్కడ కుదరదు.

డబ్బు కట్టి నేర్చుకునే ప్రైవేటు సెంటర్లన్నీ మోసం అని నేను అనను. కాకపోతే కొన్ని ప్రశ్నలు అడగండి. కోర్సు అసలు పేరేంటి? జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లేదా హోమ్ హెల్త్ ఎయిడ్ అని ఉంటే అవి ఆరోగ్య రంగం కోర్సులకు ప్రమాణాలు పెట్టే హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ గుర్తించిన పేర్లు. పరీక్ష ఎవరు పెడతారు, సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు? అసలుదైతే దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. పాత బ్యాచ్ అమ్మాయి సర్టిఫికెట్ ఒకటి చూపించమని అడిగి, అక్కడే ఫోన్‌తో స్కాన్ చేయండి. వాళ్ళ సొంత వెబ్‌సైట్ తెరుచుకుంటే నమ్మకండి, ప్రభుత్వ సైట్ తెరుచుకోవాలి. ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో అని అడిగి, ఆ ఆస్పత్రికి మీరే వెళ్ళి కనుక్కోండి. ఈ మాటలకు చిరాకు పడే సెంటర్‌లో చేరకపోవడమే మంచిది.

"మూడు నెలల్లో ఏఎన్ఎంతో సమానం" అని చెప్పేవాళ్ళను అసలే నమ్మొద్దు. నర్సింగ్‌లో ఏఎన్ఎం రెండేళ్ళ కోర్సు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. అవి చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే నర్సు. మనం కేర్ టేకర్లం, గౌరవమైన పనే, కానీ నర్సులం కాదు. ఇంజెక్షన్లు వేయడం, సెలైన్ ఎక్కించడం మన పని కాదు. ఇంటివాళ్ళు బతిమాలినా, ఏజెన్సీ వాళ్ళు "ఏం కాదులే" అన్నా చేయకండి.

ఇంకో మోసం ఎక్కువగా జరుగుతోంది, విదేశాల్లో కేర్ గివర్ ఉద్యోగం అని. విజిట్ వీసా మీద పంపిస్తామంటే అక్కడితోనే ఆపేయండి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే పంపాలి, ఆ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి కాదు. పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కింద వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను పనికి పంపడానికి వీల్లేదు. మన రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే విదేశీ ఉద్యోగాలకు పంపే సొంత సంస్థ ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు సిగ్గుపడి ఊరుకోకండి. పాంప్లెట్, రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు, సర్టిఫికెట్ అన్నీ దాచిపెట్టుకోండి. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. విలువ 5 లక్షల లోపు అయితే కేసు ఫీజు ఉండదు, లాయర్ లేకుండా మనమే చెప్పుకోవచ్చు. కాకపోతే రెండేళ్ళ లోపు వేయాలి, ఆలస్యం చేయకండి. లేని గుర్తింపు ఉందని చెప్పి డబ్బు తీసుకుంటే అది పోలీసు కేసు కూడా అవుతుంది. డ్యూటీకి పంపిన ఇంట్లో ఎవరైనా బెదిరించినా, బయటికి పోనివ్వకపోయినా 112కు గానీ, మహిళల హెల్ప్‌లైన్ 181కు గానీ వెంటనే చేయండి.

నా దగ్గరున్నలాంటి విరాళం రసీదు, బంగారు అంచు సర్టిఫికెట్ మీ దగ్గర కూడా ఉంటే నాకు చెప్పండి. ముగ్గురం ఇప్పటికే ఒకచోట చేరి కాగితాలు సర్దుకుంటున్నాం. మీవి కూడా కలిస్తే అందరం కలిసి కమిషన్‌లో వేద్దాం.