నవోషిమా అంకెలా, తేషిమా గుండె చప్పుళ్లా?

జపాన్‌లోని సెతో లోతట్టు సముద్రంలో దగ్గరదగ్గరగా ఉన్న దీవులివి. రెండు చోట్లా కళాకారులు కాలాన్నే ముడిసరుకుగా తీసుకున్నారు. ఒక్కటే చూసే వీలుంటే ఎటు వెళ్లాలి?

నవోషిమాలో తత్సువో మియాజిమా 1998లో, సుమారు 200 ఏళ్లనాటి ఇంట్లో నీళ్లు నింపి 125 అంకెల దీపాలు అమర్చారు. ఒక్కోటీ 1 నుంచి 9 వరకు లెక్కపెడుతుంది. సున్నా రావాల్సిన చోట ఆరిపోతుంది. వాటి వేగం నిర్ణయించింది ఊరివాళ్లే, ఐదేళ్ల పిల్లల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా. ఒక అంకె పరుగులు తీస్తుంటే, పక్కది మారనా వద్దా అన్నట్టు నిలిచి ఉంటుంది. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చోవాలి. హడావుడిగా చూసి వచ్చేస్తే ఏమీ దక్కదు.

తేషిమాలో క్రిస్టియన్ బొల్టాన్‌స్కీ గుండె చప్పుళ్ల భాండాగారం 2010లో తెరిచారు. చీకటి గదిలో రికార్డు చేసిన ఎవరిదో గుండె చప్పుడు గట్టిగా మోగుతుంటే, ఆ లయకు ఒక్క బల్బు వెలిగి ఆరుతుంది. రుసుము కట్టి మన చప్పుడునూ రికార్డు చేయించి రావచ్చు. బొల్టాన్‌స్కీ 2021లో కన్నుమూశారు.

నా ఓటు తేషిమాకే. నవోషిమాలో మనం చూపరులం; ఇక్కడ మన ప్రాణం కూడా ఆ వరుసలో చేరుతుంది. పెద్ద శబ్దం, మిణుకు వెలుతురు పడనివారు మాత్రం నవోషిమాకే వెళ్లడం మంచిది.