గంట విమానానికి ఆరు గంటల పాలు: చంటిపిల్లకు ఏది పట్టుకెళ్తే మేలు?

గన్నవరంలో విమానం ఎక్కితే హైదరాబాద్‌కు గంట. "గంటకేముంది, సీసాలో పోసుకుని వెళ్ళిపోదాం" అనిపిస్తుంది. పాల లెక్క మాత్రం విమానంతో మొదలవదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసిన నిమిషం నుంచే మొదలవుతుంది. గుంటూరు బ్రాడీపేటలో బయల్దేరిన కారు మంగళగిరి దాటి, వారధి ఎక్కి, బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు మీదుగా విమానాశ్రయం చేరేసరికి గంటన్నర. విమానం కంటే రెండు గంటల ముందే ఉండాలి. ఆ తర్వాత గంట ప్రయాణం. శంషాబాద్‌లో దిగి, బెల్టు దగ్గర సామాను కోసం నిలబడి, ట్యాక్సీ పట్టుకుని కూకట్‌పల్లి చేరేసరికి ఇంకో రెండు గంటలు. మొత్తం ఆరు గంటలు దాటుతుంది. బెజవాడలోనే ఉండేవాళ్ళకు ఇందులో ఓ గంట తగ్గుతుంది, అంతే.

ఈ ఆరు గంటలూ పాలు ఏ వేడిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. 4 డిగ్రీల లోపు చల్లగా ఉంటే సూక్ష్మజీవులు పెద్దగా పెరగవు. 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నా పెరగవు. మధ్యలో ఉంటేనే ప్రమాదం. మామూలు గదిలో రెండు గంటలు దాటిన పాలను పిల్లలకు పట్టకూడదంటారు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే. మే నెలలో విజయవాడ ఎండ 40 దాటడం మనకు కొత్త కాదు. రోహిణి కార్తెలో కారు డిక్కీలో పెట్టిన పాల గురించి చెప్పక్కర్లేదు.

"కాచిన పాలేగా, ఏం కాదులే" అనే మాట కూడా ఉంది. కాచినప్పుడు చాలా సూక్ష్మజీవులు చస్తాయి. కొన్నింటి బీజాలు మాత్రం మరిగే వేడిని కూడా తట్టుకుని, పాలు గోరువెచ్చబడగానే మళ్ళీ మొలకెత్తుతాయి. అవి పెరిగినంత మాత్రాన పాలు వెంటనే విరిగిపోవు, వాసనా రాదు. అందుకే ముక్కుతో చూసి తేల్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఇక్కడ చెప్పేదంతా ఏడాది నిండిన పిల్లల గురించి. ఏడాది లోపు పిల్లలకు ఆవు పాలు, గేదె పాలు ప్రధాన ఆహారంగా పట్టకూడదు కాబట్టి వాళ్ళ సంగతి వేరు. తల్లిపాలు పిండి తీసుకెళ్ళేవాళ్ళకు ఒక్క లెక్క చాలు: 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, గడ్డకట్టిన ఐస్ ప్యాకులున్న సంచిలో ఒక రోజు.

ముందు మన ఇళ్ళలో అందరికంటే పెద్ద గొంతుతో వినిపించే సలహా చూద్దాం. "కాసిని వేడిపాలు ఫ్లాస్కులో పోసుకెళ్ళరాదుటే! మీరంతా అలా పెరిగినవాళ్ళే కదా" అంటుంది అమ్మమ్మ. నా లెక్కలో అన్నింటిలోకి అధ్వానమైనది ఇదే. ఫ్లాస్కు కాపలావాడి లాంటిది. లోపలున్నదాన్ని ఉన్నట్టు కాస్తుంది, బాగుచేయదు. సలసల మరిగే పాలను పోసి, మూత తీయకుండా ఉంచితే 60 పైన కొంతసేపు నిలుస్తాయి. కానీ పిల్ల నోరు కాలుతుందని మనం పోసేదే గోరువెచ్చని పాలు. పెరుగు తోడు పెట్టడానికి ఏ వేడి కోసం చూస్తామో సరిగ్గా ఆ వేడి. తోడు వేయకపోయినా అందులో పెరిగేవి పెరుగుతాయి. ఫ్లాస్కు ఎంత మంచిదైతే పాలు ఆ ప్రమాదపు వేడిలో అంత ఎక్కువసేపు ఉంటాయి.

అదే ఫ్లాస్కులో చల్లని పాలు పోస్తే పరిస్థితి చాలా మెరుగు. రాత్రే పాలు కాచి, గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి తొందరగా చల్లార్చి, తెల్లవార్లూ ఫ్రిజ్‌లో ఉంచాలి. బయల్దేరే ముందు ఫ్లాస్కులో ఐసు నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి పారబోయాలి. లేకపోతే ఫ్లాస్కు గోడల వేడే పాలకు ఎక్కుతుంది. అంచు దాకా నింపితే చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. సగం ఖాళీగా ఉంటే, మూత తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపల చేరుతుంది. బెజవాడ నుంచి ఒక్క విడత తాగేందుకు, అదీ మూడు నాలుగు గంటల లోపు తాగేస్తారంటే ఇది సరిపోతుంది. ఆరు గంటలకు మాత్రం నేను నమ్మను. ఇంకో చిక్కు, మూత లోపలి రబ్బరు రింగు. దాన్ని ఊడదీసి తోమకపోతే నిన్నటి పాల జిడ్డు ఇవాళ్టి పాలను పాడు చేస్తుంది.

ఐస్ ప్యాకులు పెట్టిన సంచి దీనికంటే గట్టిది, ఎందుకంటే ఇందులో చలిని ఇచ్చేది ఒకటి ఉంటుంది. మంచు బలం దాని చల్లదనంలో కంటే కరగడంలో ఎక్కువ. కిలో మంచు కరిగి సున్నా డిగ్రీల నీరు కావడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడితో అదే కిలో నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. కాబట్టి ప్యాకులో గడ్డ మిగిలి ఉన్నంతసేపూ పక్కనే ఉన్న సీసాకు భయం లేదు. జెల్ ప్యాకులో ఉన్నదీ చాలావరకు నీళ్ళే. కారదు, సంచి తడవదు, అదొక్కటే సుఖం.

అయితే చాలామంది ఇళ్ళలో పాలను సగం చల్లారగానే సీసాలో పోసి ఐస్ సంచిలో దించేస్తారు, దారిలో అవే చల్లబడతాయని. లెక్క వేస్తే, పావు లీటరు పాలను 30 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికే 80 గ్రాముల దాకా మంచు ఖర్చవుతుంది. 200 గ్రాముల చిన్న ప్యాకులో అది ఐదింట రెండు వంతులు. కాపాడటానికి తెచ్చుకున్న మంచు చల్లార్చడానికే అయిపోతే వారధి దాటేసరికి సంచిలో నీళ్ళ ప్యాకే మిగులుతుంది. పాలు ముందే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి, ప్యాకులు రాత్రంతా ఫ్రీజర్‌లో ఉండి రాయిలా గట్టిపడాలి, సీసాకు అటొకటి ఇటొకటి ఆనుకుని ఉండాలి. ఖాళీ జాగాలో ఓ చిన్న తువ్వాలు కుక్కాలి. సంచిని డిక్కీలో కాకుండా ఏసీ తగిలేచోట, కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. విమానంలో సామానుతో పంపకండి, చేతి సంచిలోనే ఉంచండి. బెల్టు మీద సామాను ఆలస్యమైతే పాలూ దానితోపాటే ఆలస్యం.

జెల్ ప్యాకు కొనక్కర్లేకుండా దేశంలో తిరిగేవాళ్ళకు ఒక చవక ఉపాయం ఉంది. నీళ్ళ సీసాను ముప్పాతిక దాకా నింపి గడ్డకట్టించడం. మన దేశీయ విమానాల్లో నీళ్ళ సీసాను సాధారణంగా అడ్డుకోరు, కరిగాక ఆ నీళ్ళు మనమే తాగొచ్చు. పాలనే గడ్డకట్టించి తీసుకెళ్దాం అనుకునేవాళ్ళూ ఉంటారు. చెడిపోవుగానీ, కరిగాక కొవ్వు విడిపోయి పలుకులు పలుకులుగా తగులుతుంది. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లలైతే సీసా విసిరికొడతారు. డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) జోలికి పోకండి. దానికి విమాన సంస్థ అనుమతి కావాలి, మనిషికి రెండున్నర కిలోలకు మించకూడదు, పైగా అది మైనస్ 78 డిగ్రీల సరుకు. చంటిపిల్ల సంచిలో ఉండాల్సింది కాదు.

ఇంత హైరానా అసలు అవసరమా అని అడిగితే, ఏడాది దాటిన పిల్లలకు చాలాసార్లు అవసరం లేదనే అంటాను. టెట్రా ప్యాక్ పాలున్నాయి కదా. మామూలు పాకెట్ పాలను 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు వేడి చేస్తారు. సూక్ష్మజీవులు తగ్గుతాయి, పూర్తిగా పోవు, అందుకే ఫ్రిజ్ కావాలి. టెట్రా ప్యాక్ పాలను 135 డిగ్రీలు దాటించి కొన్ని సెకన్లు ఉంచి, సూక్ష్మజీవులు లేని పెట్టెలో గాలి సోకకుండా మూసేస్తారు. విప్పేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు, కాచనూ అక్కర్లేదు. నిలవ ఉండటానికి ఏవో మందులు కలుపుతారన్న అనుమానం చాలామందికి ఉంది. అది నిజం కాదు, ఆ వేడీ ఆ పెట్టే కలిసి చేసే పనే.

200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకులు రెండు తీసుకుంటే దారి ఖర్చుకు సరిపోతాయి. ఆ వయసు పిల్లలకు రోజు మొత్తం మీద అర లీటరు పాలు చాలు. చిన్న ప్యాకే ఎందుకంటే, విప్పిన మరుక్షణం నుంచి అవీ మామూలు పాలే. రెండు గంటల లెక్క మళ్ళీ మొదలవుతుంది. లీటరు ప్యాకు విప్పి, మూత మడిచి సంచిలో పెట్టుకుంటే టెట్రా లాభం అక్కడితో పోయినట్టే. కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. చిన్న ప్యాకుల్లో ఎక్కువగా దొరికేవి బాదం పాలు, చాక్లెట్ పాలు. వాటిలో చక్కెర ఉంటుంది, మామూలు పాలు అని రాసి ఉన్నదే అడగండి. రెండేళ్ళ లోపు పిల్లకైతే కొవ్వు ఒకటిన్నర శాతమే ఉండే డబుల్ టోన్డ్ వద్దు, మూడు శాతం ఉండే టోన్డ్ నయం. ప్యాకు ఉబ్బి ఉంటే పారేయండి.

దీని లోపం రుచి. ఇంట్లో విజయ పాలో సంగం పాలో కాచి తాగించే అలవాటున్న పిల్లకు టెట్రా పాలు కాస్త వేరే వాసనగా ఉంటాయి. ప్రయాణం రోజునే మొదటిసారి పట్టకండి. వారం ముందు నుంచీ ఇంట్లో రోజూ ఓ సిప్పర్ ఇచ్చి చూడండి. ముట్టుకోకపోతే అప్పుడు ఐస్ సంచి గురించి ఆలోచించవచ్చు. ముట్టుకుంటే సంచీ గించీ అన్నీ అటక మీద పెట్టేయొచ్చు.

పాలపొడి ఇంతకుముందే అలవాటున్న పిల్లలకు బాగా కుదురుతుంది. పొడిని కొలిచి పొడి డబ్బాలో, మరిగిన నీళ్ళను ఫ్లాస్కులో వేర్వేరుగా తీసుకెళ్ళాలి. తాగే ముందు కలపాలి. పొడిలోనూ సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని నీళ్ళతో కలిపి, చల్లార్చి పట్టమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అమ్మమ్మ ఫ్లాస్కుకు న్యాయం జరిగే చోటు ఇదే. విమానం కుదుపుల్లో వేడినీళ్ళు ఒలికితే ఒళ్ళు కాలుతుంది, అందుకే ఒళ్ళో పిల్లను పెట్టుకుని కలపకండి. టీలో కలిపే డెయిరీ వైట్నర్‌ను పాలపొడి అనుకుని కొనడం కూడా జరుగుతుంటుంది. చాలావాటిలో చక్కెర ఉంటుంది, వెనక రాసింది చదవాలి.

ఇక "చల్లపాలు పడితే జలుబు చేస్తుంది" అన్న గొడవ. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చల్లదనం వల్ల కాదు. అయినా పిల్లకే చల్లగా ఇష్టం లేకపోతే, విమానంలో ఓ గ్లాసు వేడినీళ్ళు అడిగి సీసాను అందులో కాసేపు నిలబెడితే చాలు. ఒకసారి వెచ్చబెట్టి, పిల్ల నోరు పెట్టిన పాలు గంటలో తాగకపోతే పారబోయడమే. మళ్ళీ సంచిలో పెట్టి చల్లబరిస్తే బాగుపడవు. పాలు ఫ్రిజ్‌లో పెట్టమని సిబ్బందిని అడగొచ్చు అనుకుని మాత్రం బయల్దేరకండి. మన ఊళ్ళ మధ్య తిరిగే విమానాల్లో ఆ ఏర్పాటు ఉంటుందని లెక్క వేసుకోకూడదు.

సీసా విషయంలో ఒక చిన్న జాగ్రత్త. పైకి వెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్ల ఎత్తు కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. కింద గట్టిగా మూసిన స్ట్రా సిప్పర్‌ను పైన తెరిస్తే పాలు చిమ్ముతాయి. ముందు మూత కాస్త వదులు చేసి గాలి పోనిచ్చి, అప్పుడు స్ట్రా తెరవాలి. ఆ పాలు ఎప్పుడు పట్టాలంటే, విమానం కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడు. గుటకలు వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది, ఏడుపు తగ్గుతుంది. ఎక్కగానే మొత్తం తాగించేస్తే ఆ సమయానికి సీసా ఖాళీ.

విదేశం వెళ్ళేవాళ్ళకు లెక్క మారుతుంది. గన్నవరం నుంచి శంషాబాద్, అక్కణ్ణుంచి దుబాయో దోహానో, ఆపైన అమెరికా అంటే ఒక రోజు దాటుతుంది. ఏ ఐస్ సంచీ మధ్యలో మళ్ళీ గడ్డకట్టించకుండా అంతసేపు కాయలేదు. అక్కడ టెట్రా, పాలపొడి తప్ప దారి లేదు. 100 మిల్లీలీటర్ల నిబంధన పిల్లల పాలకు వర్తించదు. ప్రయాణానికి సరిపడా తీసుకెళ్ళవచ్చు, కాకపోతే తనిఖీలో సంచి నుంచి బయటికి తీసి ముందే చెప్పాలి. అమెరికా తనిఖీలో పిల్లల పాలతో ఉన్న జెల్ ప్యాకు కరిగి ఉన్నా అనుమతిస్తారు. అన్ని దేశాల్లో అంత ఉదారంగా ఉండరు, మెత్తబడిన ప్యాకును పక్కన పడేసే చోట్లూ ఉంటాయి. బ్రిటన్‌లో, యూరప్ దేశాల్లో దిగేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. మన దేశం నుంచి పాలు, పాల పదార్థాలు వెంట తీసుకురావడం అక్కడ నిషేధం. ఫ్రిజ్ అవసరం లేని పసిపిల్లల పాలపొడిని కంపెనీ ప్యాకులో ఉంటే రానిస్తారు. మిగిలిన టెట్రా ప్యాకులను దిగే ముందే విమానంలో వదిలేయండి, అమ్మమ్మ కట్టిచ్చిన పాలకోవా పొట్లంతో సహా.