వర్సిటీకి ఏ డబ్బు మేలు: పీఎం-ఉషా, పెయిర్, లేక సొంత ప్రాజెక్టు?

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఎక్స్‌ఆర్‌డీ మిషన్ ఉండేది. పొడి చేసిన పదార్థంలో పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో ఎక్స్‌రేలతో చూపించే పరికరం అది. పెద్ద గ్రాంటు వచ్చిన ఏడాది కొన్నాం. మూడో ఎండాకాలంలో దాన్ని చల్లబరిచే చిల్లర్ పాడైంది. అప్పటికి వారంటీ అయిపోయింది, గ్రాంటు లెక్కలు మూసేసి, డబ్బు ఖర్చయిందని చెప్పే పత్రం (యూసీ) కూడా పంపేశాం. బాగు చేయించడానికి డబ్బు ఏ పద్దులోంచి ఇవ్వాలో తేలలేదు. ఆ తర్వాత మిషన్ మీద దుప్పటి కప్పాం. నా స్కాలర్లు శాంపిళ్లను చిన్న సీసాల్లో పోసుకుని చెన్నై బస్సెక్కేవాళ్లు.

ఈమధ్య మా దగ్గర కొత్తగా చేరిన ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చి, "సర్, ఇన్ని స్కీములు ఉన్నాయి కదా, మనం దేనికి అప్లికేషన్ పెడదాం?" అని అడిగింది. ఆమెకు చెప్పిన జవాబే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. తిరుపతిలో ఈ ప్రశ్న మా ఒక్క డిపార్ట్‌మెంట్‌ది కాదు. ఇక్కడ 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర వర్సిటీ (ఎస్వీయూ) ఉంది, 1983లో వచ్చిన పద్మావతి మహిళా వర్సిటీ ఉంది. ఏర్పేడు వైపు వెళితే 2015లో మొదలైన ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. 2025 మేలో కేంద్ర కేబినెట్ తిరుపతితో కలిపి ఐదు కొత్త ఐఐటీల విస్తరణకు నాలుగేళ్లలో 11,828.79 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అది వాళ్లకు కావాల్సిందే, అసూయ అక్కర్లేదు. కానీ రాష్ట్ర వర్సిటీకి అలా నేరుగా వచ్చి పడే సొమ్ము లేదు. ప్రతి రూపాయికీ అప్లికేషన్ పెట్టుకోవాల్సిందే.

ముందు రాష్ట్ర వర్సిటీలకు, కాలేజీలకు కేంద్రం సాయం చేసే పథకం పీఎం-ఉషా సంగతి. 2013లో రూసా పేరుతో మొదలైన పథకాన్ని 2023లో ఈ పేరుతో మళ్లీ తెచ్చారు. 2023-24 నుంచి 2025-26 వరకు మూడేళ్లకు 12,926 కోట్లు పెట్టారు. మెరు (బహుళ సబ్జెక్టుల విద్య, పరిశోధన వర్సిటీలు) విభాగంలో ఎంపికైన ఒక్కో వర్సిటీకి 100 కోట్లు, బలోపేతం చేసే విభాగంలో 20 కోట్లు, కాలేజీకైతే 5 కోట్లు. వినగానే గొప్పగా ఉంటుంది. అయితే మనలాంటి రాష్ట్రాల్లో ఇది 60:40 లెక్క. 20 కోట్లలో కేంద్రం 12 ఇస్తే మిగతా 8 రాష్ట్రం కలపాలి. డబ్బు వచ్చే దారి రాష్ట్ర ఖజానా మీదుగానే. ఒక విడత లెక్క తేలకపోతే తర్వాతి విడత రాదు. ఎక్కడో ఒక ఫైలు ఆగితే ఇక్కడ సగం కట్టిన బిల్డింగు వానకు తడుస్తూ ఉంటుంది.

అయినా దీన్ని తీసిపారేయలేను. హాస్టల్ గదులు, ల్యాబుల కరెంటు వైరింగు, క్లాసు రూములు, బాత్రూములు, వీటికి పరిశోధన సంస్థలేవీ డబ్బివ్వవు. పైకప్పు కారే చోట ఏ ప్రాజెక్టూ నిలవదు. రూసా రోజుల్లో అధ్యాపకుల నియామకానికి కూడా కొంత సాయం ఉండేది. ఇప్పటి పథకంలో బరువంతా కట్టడాల మీద, పరికరాల మీద, శిక్షణ మీద ఉంది. అక్కడే నాకు టెన్షన్. పరికరం వస్తుంది, దాన్ని నడిపే మనిషి రాడు.

రెండోది పెయిర్, అంటే వర్సిటీలు బృందంగా కలిసి పరిశోధన చేయడానికి ఇచ్చే గ్రాంటు. 2023 చట్టంతో ఏర్పడిన జాతీయ పరిశోధన నిధి సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ దీన్ని నడుపుతోంది. పాత పరిశోధన బోర్డు సెర్బ్ స్థానంలో వచ్చిన సంస్థ ఇది. పెయిర్‌లో ఒక పెద్ద సంస్థ హబ్‌గా ఉంటుంది, దాని చుట్టూ ఏడు వరకు స్పోక్ వర్సిటీలు చేరతాయి. ఒక్కో బృందానికి ఐదేళ్లలో 100 కోట్ల వరకు ఇస్తారు. అందులో హబ్‌కు 30 శాతం మించకూడదు. ఏడుగురు స్పోకులూ ఉంటే తలా సుమారు 10 కోట్లు, అంటే ఏడాదికి 2 కోట్లు. పీఎం-ఉషా 20 కోట్లలో ఇది సగమే. అయినా నా దృష్టిలో దీనికే విలువ ఎక్కువ. ఎందుకంటే ఈ సొమ్ముతో పాటు హబ్‌లోని సీనియర్ల చేయి అందుతుంది, వాళ్ల పరికరాలు వాడుకోవచ్చు, మన స్కాలర్లు అక్కడ కొన్ని నెలలు కూర్చుని పని నేర్చుకోవచ్చు. మొదటి దశలో ఎంపికైన ఏడు హబ్‌లలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఒకటి. హబ్ మన ఊళ్లోనే ఉండాలన్న నియమం కూడా లేదు.

ఇబ్బంది ఏమిటంటే, స్పోక్ కావాలన్నా కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు చూస్తారు. ర్యాంకుకు పేపర్లు కావాలి, పేపర్లకు పనిచేసే ల్యాబు కావాలి, ల్యాబుకు డబ్బు కావాలి. గుమ్మం దగ్గరే సగం మంది ఆగిపోతారు. పైగా ఏడు వర్సిటీల వాళ్లు కూర్చుని ఒక్క ప్రతిపాదన రాయడం తేలికేమీ కాదు. డిపార్ట్‌మెంట్ల మధ్య పడని చోట అది మొదటి మీటింగులోనే చెదిరిపోతుంది.

మూడోది మనిషి పేరు మీద వచ్చే ప్రాజెక్టు. కొత్తగా చేరినవాళ్లకు ఏఎన్ఆర్ఎఫ్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటులో మూడేళ్లకు 60 లక్షల వరకు వస్తుంది. 100 కోట్ల మాట విన్న చెవికి ఇది చిన్నగా అనిపిస్తుంది. కానీ ఒక జూనియర్ పరిశోధకుడికి (జేఆర్ఎఫ్) నెలకు 37,000 జీతం, కెమికల్స్, ఒక మధ్యరకం పరికరం, కాన్ఫరెన్సులకు ప్రయాణం అన్నీ ఇందులోనే సరిపోతాయి. ఏం కొనాలో, ఎప్పుడు కొనాలో నిర్ణయించేది ఆ పని చేసే మనిషే. సంస్థకు నిర్వహణ ఖర్చుల (ఓవర్‌హెడ్) కింద విడిగా కొంత వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నాలుగేళ్ల తర్వాత ఒక పీహెచ్‌డీ చేతికొస్తుంది.

దీనిలో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఇది రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. ఏళ్ల తరబడి పోస్టులు భర్తీ చేయక, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చే డిపార్ట్‌మెంట్లలో అప్లై చేయడానికే మనుషులుండరు. పీహెచ్‌డీ ఉండి, మంచి పేపర్లుండి, గంటల లెక్కన పాఠం చెప్పే పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు ఈ తలుపు మూసే ఉంది.

ఒక్కసారిగా వచ్చే పెద్ద డబ్బు గురించి ఎవరు మాట్లాడినా నాకు 2009 నాటి అమెరికా గుర్తొస్తుంది. ఆర్థిక మాంద్యం నుంచి బయటపడటానికి అక్కడ 787 బిలియన్ డాలర్ల ప్యాకేజీ తెచ్చారు. అందులో వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కు 10.4 బిలియన్లు, సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే ఎన్ఎస్ఎఫ్‌కు 3 బిలియన్లు వెళ్లాయి. ఎన్ఐహెచ్ ఆ సొమ్మును దాదాపు రెండేళ్లలో పంచేయాల్సి వచ్చింది. ల్యాబులు మనుషుల్ని తీసుకున్నాయి, పరికరాలు కొన్నాయి. గడువు తీరాక ఆ మనుషుల జీతాలకు మళ్లీ వెతుకులాట. అంత సంపన్న దేశంలోనే అలా జరిగితే, మార్చి 31లోపు ఖర్చు పెట్టాలని ఫిబ్రవరిలో ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ ముందు కూర్చునే మన సంగతి చెప్పేదేముంది?

అందుకే నా లెక్క ఇది. చేతిలో రెగ్యులర్ పోస్టున్న కుర్ర టీచరు సొంత ప్రాజెక్టుతోనే మొదలుపెట్టాలి, వర్సిటీ కోసం ఆగకూడదు. అలాంటివాళ్లు నలుగురైదుగురు పోగైన డిపార్ట్‌మెంట్ పెయిర్ లాంటి బృందంలోకి వెళ్లాలి. పీఎం-ఉషా తరహా డబ్బు వస్తే వద్దనకండి, కానీ దాన్ని పైకప్పుకూ వైరింగుకూ హాస్టల్‌కూ పెట్టండి. కోటి దాటిన పరికరం కొనాలనుకుంటే, ముందు దాన్ని నడిపే టెక్నీషియన్ ఎవరో పేరు రాసి, ఆ తర్వాతే కొటేషన్ పిలవండి. ఆ కొటేషన్ కూడా ఐదేళ్ల వారంటీ కలిపి ఒకే ధరగా తీసుకోవాలి. విడిగా ఏడాదికోసారి చేసుకునే నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) అంటే తర్వాత ఎవరూ ఇవ్వరు.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతిపాదన రాస్తోంది. మొన్న బడ్జెట్ పట్టిక తెచ్చి చూపించింది. పరికరం ధర పక్కన వారంటీ ఏళ్లు రాసుంది. దాని కింద చిల్లర్‌కు వేరే లైను ఉంది.