కట్నం మీద మూడు హిందీ ప్రేమకథలు: ఏది మేలు?

పెళ్లీడుకొచ్చిన కొడుకున్న ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గ సినిమా, అదీ ప్రేమ, కట్నం రెండూ ఉన్నది చెప్పమంటే నాకు మూడు గుర్తొస్తాయి. 2014లో వచ్చిన ‘దావత్-ఎ-ఇష్క్’, 2017లో వచ్చిన ‘బద్రీనాథ్ కీ దుల్హనియా’, అదే ఏడాది ‘షాదీ మే జరూర్ ఆనా’.

చివరిదాన్ని ముందే పక్కన పెడతాను. పెళ్లి రాత్రి అమ్మాయి ఉద్యోగం కోసం ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. అబ్బాయి ఐఏఎస్ అధికారి అయి వచ్చి, ఆమె మీదే విచారణ జరుపుతాడు. కట్నం అడిగిన పెద్దల సంగతి మరుగున పడి, వెళ్లిపోయిన పిల్ల బోనులో నిలబడుతుంది. అది నాకు మింగుడు పడలేదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

‘దావత్-ఎ-ఇష్క్’ మన హైదరాబాదులో మొదలవుతుంది. చెప్పుల దుకాణంలో పనిచేసే గుల్రేజ్‌కి వచ్చిన సంబంధాలన్నీ కట్నం దగ్గరే తెగిపోతుంటాయి. కోర్టు గుమస్తా అయిన తండ్రిగా అనుపమ్ ఖేర్ ఆ అవమానాన్ని దిగమింగుకునే తీరు చూస్తే, ఆడపిల్లను కన్న ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. ఈ విషయంలో మూడింటిలోనూ ఇదే ముందుంటుంది. తర్వాతే దారి తప్పింది. తండ్రీకూతుళ్లు మారుపేర్లతో లక్నో వెళ్లి, కట్నం అడిగినవాళ్లను 498ఏ కేసు పెడతామని బెదిరించి డబ్బు గుంజాలనుకుంటారు. అత్తింటి హింస నుంచి కాపాడటానికి 1983లో తెచ్చిన సెక్షన్ అది. ఆడవాళ్లు పెట్టేవన్నీ దొంగ కేసులే అనేవాళ్ల నోటికి ఈ కథ ఒక ఉదాహరణ అందించింది. పైగా అలా మోసగించబోయిన పెళ్లికొడుకు తారిక్ మంచివాడు కావడంతో, కట్నం అడిగినవాళ్ల తప్పు కన్నా ఆమె ఆడిన అబద్ధమే పెద్దదైపోయింది.

‘బద్రీనాథ్’ కథ ఝాన్సీలో నడుస్తుంది. కొడుకు ఆస్తి, కూతురు అప్పు అనే లెక్కతోనే మొదలుపెడుతుంది. కథానాయిక వైదేహి, బద్రీతో పెళ్లి పీటల దగ్గర నుంచి వెళ్లిపోయి సింగపూర్‌లో విమాన సిబ్బంది శిక్షణలో చేరుతుంది. ఇక్కడ కథ ఆమెను దోషిని చేయదు. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం బద్రీ ఇంటి పెద్దకోడలు ఊర్మిళ. ‘కొత్త బంగారు లోకం’లో మనం చూసిన శ్వేతా బసు ప్రసాదే ఆ పాత్ర చేసింది. ఎంతో చదువుకుని, ఉద్యోగానికి మామగారి అనుమతి లేక ఇంట్లోనే ఉండిపోతుంది. ఆమె మీద ఎవరూ చెయ్యి చేసుకోరు, గొంతు పెంచరు. కట్నం పుచ్చుకున్న ఎన్ని ‘మంచి’ కుటుంబాల్లో ఇలాంటి కోడళ్లు లేరు!

దీనిలోనూ పెద్ద లోపముంది. సింగపూర్‌లో బద్రీ ఆమెను బలవంతంగా కారు డిక్కీలో పడేస్తాడు. అది నేరం. కథ దాన్ని చాలా తొందరగా క్షమించేసింది.

అయినా నా ఓటు దీనికే. చివర్లో బద్రీ నిలదీసేది ఆడపిల్ల తండ్రిని కాదు, సొంత తండ్రిని, నలుగురి ముందు. తాగిన మైకంలోనే నోరు విప్పడం నాకు వెలితిగా అనిపించినా, కట్నం అడిగే ఇంట్లో కొడుకు మాట్లాడాల్సిన మాటలే అవి.

ఇంటిల్లిపాదీ చూస్తే, డిక్కీ దృశ్యం దగ్గర కాసేపు ఆపి అది తప్పని అబ్బాయికి చెప్పండి. ‘దావత్-ఎ-ఇష్క్’ని ఇంకోరోజు, ఆ తండ్రి కోసమైనా చూడండి.