దండుగా పోవాలా, ఒక్కడే పోవాలా? ఎవరెస్ట్‌కు ఏది మేలు?

మా గుత్తి కోట ఎక్కే బ్యాచ్‌లో కుర్రాళ్లంతా ఇటలీ పర్వతారోహకుడు మెస్నర్ పార్టీనే. 1980 ఆగస్టులో టిబెట్ వైపు నుంచి ఒక్కడే, ఆక్సిజన్ సిలిండర్ కూడా లేకుండా ఎవరెస్ట్ ఎక్కేసినవాడి ముందు 1953 నాటి బ్రిటిష్ దండు ఏ మూలకు అంటారు. వందలమంది కూలీలు, టన్నులకొద్దీ సామాను, అదీ ఒక ఎక్కడమేనా అని ఎగతాళి.

నేను మాత్రం దండు వైపే. 1953 మే 26న ముందుగా శిఖరానికి బయల్దేరింది హిల్లరీ, టెన్జింగ్ కాదు, అదే దండులోని బోర్డిలన్, ఎవాన్స్. దక్షిణ శిఖరం దాకా పోయారు, అసలు శిఖరానికి ఇంకో వంద మీటర్ల ఎత్తు ఉందంతే, కానీ ఆక్సిజన్ పరికరం సతాయించింది, టైమ్ చాలదనిపించింది, వెనక్కి తిరిగారు. కింద ఇంకో జంట రెడీగా ఉంది కాబట్టే మొండికి పోలేదని నా లెక్క. పైగా దిగేటప్పుడు కొంచెం ఆక్సిజన్ మిగిలిన సిలిండర్లు రెండు దారిలోనే వదిలేసి వచ్చారు. మూడు రోజుల తర్వాత శిఖరం ఎక్కి దిగుతున్న హిల్లరీ, టెన్జింగ్‌లకు అవే అక్కరకొచ్చాయి.

మెస్నర్ సంగతి చూడండి. 6,500 మీటర్ల దగ్గరున్న క్యాంపు నుంచి చీకటితోనే బయల్దేరి, కాసేపటికే మంచు పగులులో పడ్డాడు. తలకు కట్టుకున్న లైటు ఆరిపోయింది. బయటపడితే చాలు, దిగి ఇంటికి పోతా అనుకున్న మనిషి బయటపడగానే మళ్లీ పైకే నడిచి, మూడో రోజు శిఖరం మీదున్నాడు. మొనగాడే, కాదనను. కానీ ఆ పగులులో కాలికి ఆసరా దొరక్కపోయుంటే తాడు వేసేదెవరు? మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కినవాడు, అంతటివాడు కూడా 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పైకి వెళ్లి ప్రాణాలతో తిరిగి రాలేదు.

దండు పద్ధతిలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. 1922 నాటి బ్రిటిష్ దండు మీద, ఎవరెస్ట్ ఉత్తరం వైపున్న నార్త్ కోల్ అనే కనుమ కింద మంచు విరుచుకుపడినప్పుడు పోయిన ఏడుగురూ మోత మోసేవాళ్లే, దొరల్లో ఒక్కరూ పోలేదు. మెస్నర్ ఆ పైదారిలో తన బరువు తనే మోసుకున్నాడు, ఆ మార్కు ఆయనకు ఇవ్వాల్సిందే.

అందుకే అనంతపురం ఎండల్లో పెరిగి హిమాలయాలకు పోదామనుకునే తమ్ముళ్లకు చెప్పేదేమంటే, జట్టుతోనే పోండి, ఏజెన్సీ వాళ్లతో రేటు బేరమాడేటప్పుడు మీ వెంట వచ్చే షెర్పాకు ఇన్సూరెన్స్ ఎంత కట్టారో కూడా అడగండి.