గోడ రంగులు, చింతగింజల జిగురు: ఏళ్లు వాడాక నా రివ్యూ

మాది హనుమకొండ. చలికాలం, ఎండాకాలం గోడల మీద బొమ్మలు వేస్తాను: స్కూళ్లు, అంగన్‌వాడీలు, పిల్లల క్లినిక్‌లు, ఈమధ్య కొత్త ఇళ్ల కాంపౌండ్ గోడలు. వానలు పడితే బయట పని ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో కూర్చుని చేర్యాల తరహా మాస్కులు, అంటే రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో కట్టే ముఖాలు, చేస్తాను. ఈ రెండు పనులకూ ఏళ్ల తరబడి వాడుతున్న సామాను గురించి, నాకు అర్థమైనంత వరకు, ఈ రివ్యూ.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందు అడిగేది ఒకటే: "అక్కా, ఏ కంపెనీ రంగు వాడాలి?" నా జవాబు వాళ్లకు నచ్చదు. పెద్ద కంపెనీల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్లలో (బయటి గోడలకు వేసే, నీళ్లతో కలిపే రంగులు) ఒకే ధరలో దొరికేవాటి మధ్య తేడా నాకు పెద్దగా కనబడలేదు. తేడా అంతా రంగు కింద ఏముందన్న దగ్గరే వచ్చింది. గోడకైనా, మాస్కుకైనా అంతే. బడ్జెట్ తక్కువ ఉంటే రంగులో తగ్గించుకోండి, అడుగు పూతలో మాత్రం తగ్గించకండి.

కొత్త ప్లాస్టరింగ్ గోడతో మొదలుపెడతాను, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే. పచ్చి సిమెంట్‌లో క్షారం ఎక్కువ. నీళ్లు కొట్టడం అయ్యాక కూడా గోడ ఆరడానికి టైమ్ ఇవ్వాలి, మొత్తం కనీసం 4 వారాలు. తొందరపడి వేస్తే నీలాలు, ఎరుపులు మచ్చలు మచ్చలుగా వెలిసిపోతాయి, కొన్నిచోట్ల పొక్కులు లేస్తాయి. కానీ ఇంటివాళ్లకు గృహప్రవేశం వచ్చే శుక్రవారం! వాళ్లతో వాదించడం మానేశాను. అడుగున్నర పాలిథిన్ ముక్కను గోడకు పెట్టి నాలుగువైపులా టేపు వేస్తాను. మర్నాడు పొద్దున వాళ్ల ముందే తీస్తాను. లోపలివైపు చెమ్మ పట్టి ఉంటే గోడ ఇంకా ఆరలేదన్నట్టే. నేను పది మాటలు చెప్పినా వినని పెద్దాయన ఆ నీటి బొట్లు చూసి సరేనంటాడు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

పాత గోడల సంగతి వేరు. అరచేత్తో గట్టిగా రుద్ది చూడాలి. చేతికి తెల్లగా పొడి అంటితే పాత సున్నమో, డిస్టెంపరో వదులుతోందని అర్థం. దాన్ని గీకకుండా పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, ఊడేటప్పుడు ఆ పొడితో సహా పెచ్చులుగా ఊడుతుంది. గీకడం, ఇసుక కాగితం పట్టడం, కడగడం, ఆరనివ్వడం, ఆ తర్వాత క్షారాన్ని తట్టుకునే ఎక్స్‌టీరియర్ ప్రైమర్. పుట్టీ అవసరమైన చోటే, అదీ పలచగా రెండుసార్లు. ఒకేసారి మందంగా పెట్టిన పుట్టీ రెండు వానాకాలాలు నిలబడితే గొప్పే.

నేల నుంచి పైకి రెండడుగుల వరకు ఏం చేసినా ఉప్పు తేలుతుంది, ముఖ్యంగా పునాదిలో తేమ అడ్డుకునే పొర లేని పాత కట్టడాల్లో. నేల తేమ గోడలోంచి పైకి ఎక్కుతూ లవణాలను మోసుకొస్తుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. దానికి మందు ఫలానా కెమికల్ అని అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చేసేది ఏంటంటే, డిజైన్‌లోనే ఆ రెండడుగులు వదిలేస్తాను. ముఖాలు, చేతులు, అక్షరాలు అక్కడికి రానివ్వను. పాత ఇళ్ల అరుగులకు ఉన్నట్టు జాజు రంగు పట్టీ వేసి, పైన తెల్ల ముగ్గు. ఏడాదికోసారి స్కూల్ అటెండర్ కూడా దాన్ని మళ్లీ వేసేయగలడు, బొమ్మ జోలికి పోనక్కర్లేదు. పల్లెటూళ్లలో మన పెద్దవాళ్లు గోడ కిందే జాజు ఎందుకు పూసేవాళ్లో గోడల పని చేస్తే తెలుస్తుంది.

ఇక రంగులు. తెల్ల ఎమల్షన్ డబ్బా కొని, చిన్న స్టెయినర్ సీసాలతో ఎవరి రంగు వాళ్లు కలుపుకోవడం మనలో ఎక్కువమంది పద్ధతి. లేత రంగులకు ఇది భేషుగ్గా పనిచేస్తుంది. ముదురు రంగులకు పనికిరాదు. తెల్ల బేస్‌లో ఎంత ఎరుపు పోసినా గులాబీ దగ్గరే ఆగుతుంది. ఇంకా పోస్తే సీసా మీద రాసిన మోతాదు దాటిపోతుంది, అప్పుడు రంగు సరిగ్గా ఆరదు, తడి గుడ్డతో తుడిస్తే చేతికంటుతుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం కావాలంటే టింటింగ్ మెషిన్ ఉన్న షాపులో, తెలుపు తక్కువగా ఉండే డార్క్ బేస్‌లో కలిపించుకోండి. లీటరు ధర ఎక్కువే కానీ రెండు పూతలతో పని అయిపోతుంది. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుందని లెక్క వేసుకోవచ్చు. గరుకు గోడైతే అంత రాదు.

ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబులు కళ్లకు, నగలకు, చివరి మెరుపులకు మాత్రమే. గోడంతా వాటితో వేస్తే మనకు మిగిలేది ఏమీ ఉండదు.

ఎండకు ఏ రంగు ఆగుతుంది, ఏది ఆగదు అన్నది కంపెనీ పేరు కంటే అందులోని పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) మీద ఆధారపడుతుంది. పడమటి గోడ మీద నా పసుపుపచ్చ పొద్దుతిరుగుడు పూలు ముందు పాలిపోయాయి, గులాబీ రంగులు ఆ తర్వాత. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, ఐరన్ ఆక్సైడ్ పసుపు, కార్బన్ నలుపు అదే గోడ మీద కదల్లేదు. థాలో నీలం, థాలో ఆకుపచ్చ కూడా గట్టివే. ఫ్లోరోసెంట్ రంగులు అడిగే క్లయింట్లకు నేను ముందే చెప్పేస్తాను: ఫొటోకు బాగుంటాయి, వచ్చే ఎండాకాలం దాటవు. ఇంకొందరు లేపాక్షి చూసొచ్చి, "నాలుగైదొందల ఏళ్ల నాటివి అలా ఉంటే మీ బొమ్మ పదేళ్లు కూడా ఉండదా?" అంటారు. వీరభద్రస్వామి గుడిలో ఉన్నవి పైకప్పు కింది బొమ్మలు. ఎండ నేరుగా తగలదు, వాన పడదు. కింద సున్నపు గచ్చు, పైన ఎక్కువగా మట్టి రంగులు, ఖనిజ రంగులు. మీ కాంపౌండ్ గోడకు పైకప్పు కట్టించండి, నేనూ గ్యారంటీ ఇస్తాను అంటే నవ్వుతారు.

బొమ్మ పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పూత, కొట్టాలా? పిల్లలు రోజూ చేతులు వేసే లోపలి గోడలకు నీటితో కలిపే రకం కొడతాను. బయట గోడలకు అడిగితే తప్ప కొట్టను. లోపల తేమ ఉన్న గోడకు పైన ప్లాస్టిక్ పొర మూసేస్తే తేమకు దారి లేక ఆ పొర తెల్లబడి లేస్తుంది. రీటచ్ కూడా కష్టం.

స్కెచ్ గోడ మీదికి ఎక్కించే పద్ధతుల్లో ప్రొజెక్టర్‌కు నా మార్కులు తక్కువే. మనిషి పోలిక తప్పకూడని పోర్ట్రెయిట్‌లకు మంచిదే. కానీ చీకటి పడాలి, కరెంటు ఉండాలి, గోడకు ఎదురుగా దూరం ఉండాలి. మన సందుల్లో అంత దూరం ఎక్కడిది? సుద్ద పట్టించిన దారం ఇద్దరు పట్టుకుని టప్పున కొడితే పెద్ద గోడకు కూడా గళ్లు త్వరగానే పడిపోతాయి. ఒకే నెమలి, ఒకే తీగ పదిసార్లు రావాలంటే ట్రేసింగ్ కాగితం మీద గీత వెంట పిన్నుతో చిల్లులు పొడిచి, పలచటి గుడ్డలో మూట కట్టిన బొగ్గు పొడితో తడతాను. కాగితం తీస్తే గోడ మీద నల్ల చుక్కల్లో బొమ్మ. ఎక్కువైన పొడిని పొడి బ్రష్‌తో దులిపాకే రంగు వేయాలి, లేకపోతే లేత రంగులు మాసిపోతాయి.

బ్రష్‌లలో సింథటిక్ వెంట్రుకలవి చాలు, అంగుళం, రెండంగుళాలు, ఒక సన్న లైనర్. నిచ్చెన మీద నిలబడి పెద్ద గోడ వేయొద్దు, చక్రాలకు లాక్ ఉన్న ఇనుప పరంజా అద్దెకు తెచ్చుకోండి. అమ్మాయిలకు ఇంకో మాట: చున్నీ ఇంట్లో పెట్టి రండి.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి, చింతగింజల జిగురు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, మాకు జనగామ మీదుగా పోవాలి. అక్కడి నకాషీ కుటుంబాలు కథలు చెప్పేవాళ్ల కోసం గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంతో పటాలు వేసేవాళ్లు, మాస్కులూ బొమ్మలూ చేసేవాళ్లు. పటం గుడ్డకైనా, మాస్కుకైనా, రంగు కిందికి వెళ్లే పూతలో సుద్దమట్టి, చింతగింజల జిగురు ఉంటాయి. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర ముక్కలు అతికించే మక్కులోనూ చింతగింజల పొడి, రంపపు పొట్టే. మాస్కులు నేర్చుకునేటప్పుడు తొందర కోసం వడ్రంగులు వాడే తెల్ల జిగురుతోనూ, ఈ జిగురుతోనూ రెండు రకాలుగా చేసి పెట్టుకున్నాను. తెల్ల జిగురుది త్వరగా గట్టిపడింది కానీ ఇసుక కాగితం పెడితే రబ్బరులా సాగి ఉండలు కట్టింది, వానాకాలం తేమకు మెత్తబడింది. చింతగింజలది ఎండాక నున్నగా అరుగుతుంది, ముక్కు కొన, కనుబొమ్మ అంచు పదునుగా వస్తాయి.

చేసే పద్ధతి చెబుతాను. గింజలను ఇసుకలో వేయించాలి, అప్పుడే పొట్టు ఊడుతుంది. తెల్ల పప్పును రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు ఎక్కువ పోసి సన్న మంట మీద కలుపుతూ ఉండాలి. ముందు పాలలా ఉంటుంది, తర్వాత బుడగలు బరువెక్కి టపటపమంటాయి. గరిటె ఎత్తితే జిగురు తెగకుండా తీగ సాగాలి, అప్పుడు దించి గుడ్డలో వడకట్టాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, అడుగంటిన జిగురుకు గోధుమ రంగు దిగుతుంది, దాన్ని తెల్ల పూతలో వాడలేం. జల్లించిన రంపపు పొట్టులో ఈ జిగురు పోసి చపాతీ పిండిలా పిసకాలి. టేకు పొట్టు వద్దు, దాని రంగు తెల్ల పూతలోంచి పైకి ఊరుతుంది. కొబ్బరి చిప్ప మీద ముఖం కట్టి, నీడలో ఆరనివ్వాలి. నేరుగా ఎండలో పెడితే చెంపల మీద బీటలు. వానల్లో ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది, ఈ పని ఓపిక లేనివాళ్లది కాదు. ఆరాక సుద్దమట్టి పూత మూడుసార్లు, పూతకూ పూతకూ మధ్య ఇసుక కాగితం. రంగు వేయడం చివరి రోజు పని.

దీని లోపాలు కూడా చెప్పాలి. జిగురు రెండో రోజుకే పులిసి వాసన కొడుతుంది, అందుకే ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. పురుగు, బూజు పట్టే గుణం ఉంది. బుక్ బైండింగ్ వాళ్ల మాదిరిగా నేను చిటికెడు మైలుతుత్తం కలుపుతాను. అది విషం, కాబట్టి ఆ గిన్నె వంటింట్లోకి పోకూడదు, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అసలు కలపకూడదు. పూర్తయిన మాస్కును తడి గోడకు తగిలించకూడదు, తడి గుడ్డతో తుడవకూడదు.

ఎగ్జిబిషన్లలో ధర చూసి, "అక్కడ సగానికే ఇస్తున్నారు కదా" అనేవాళ్లకు మాస్కును వెనక్కి తిప్పి చూపిస్తాను. పొట్టు రేణువులో, గుడ్డ పొరలో, కొబ్బరి చిప్ప పీచో కనబడాలి, చేతిలో తేలిగ్గా ఉండాలి. వెనక కూడా తెల్లగా, నున్నగా ఉండి బరువుగా తోస్తే అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు. గోళ్లతో గీకితే తెల్ల పొడి రాలుతుంది. అదీ గోడకు అందమే, కొనుక్కోండి, కానీ చేత్తో కట్టిన మాస్కు ధర దానికి పెట్టకండి.